పదిహేడో ఏట పరదేశం

హాకీ అనగానే మనవాళ్ళకు పచ్చిక మైదానమూ, ధ్యాన్‌చందూ కళ్ళముందు మెదులుతారు. ఈ వారం నేను చెప్పబోయేది ఆ హాకీ కాదు. పేరు అదే, చేతిలో కర్ర కూడా ఉంటుంది, తక్కినదంతా వేరు. కాలికింద నేల ఉండదు, నున్నగా గడ్డకట్టించిన మంచుపలక ఉంటుంది. బంతి ఉండదు, అరచేతిలో ఇమిడే రబ్బరు బిళ్ళ ఉంటుంది. కాళ్ళకు తొడుక్కునే జోళ్ళ అడుగున ఇనుప పట్టీలు కత్తుల్లా మెరుస్తుంటాయి. పక్షానికి గోల్‌కీపరుతో సహా ఆరుగురు. ఒక్కొక్కడు ముప్పావు నిమిషమో, నిమిషమో ప్రాణం పెట్టి ఆడి, బల్లమీదికి వచ్చి రొప్పుతూ కూర్చుంటాడు. ఆ చోటులోకి ఇంకొకడు దూకుతాడు. ఇట్లా అరవై నిమిషాలు.

మనకు మంచు ఎక్కడిది, ఈ ఆట గొడవ మనకెందుకు అంటారా? ఆట మనది కాకపోవచ్చు. కాని ఆ ఆట చుట్టూ కొన్ని దేశాల ఇళ్ళలో ఏటేటా లేచే ప్రశ్న ఒకటి ఉన్నది. పదిహేడేళ్ళ కొడుకు ఉన్న ప్రతి ఇంటికీ ఆ ప్రశ్న అర్థమవుతుంది. పిల్లవాడికి ప్రతిభ ఉన్నది. సముద్రం అవతలినుంచి పిలుపు వచ్చింది. పంపడమా, మానడమా?

ముందు సంగతి తెలుసుకుందాం. ఈ ఆటకు కాశీక్షేత్రం వంటిది అమెరికా, కెనడా దేశాల్లో నడిచే నేషనల్ హాకీ లీగు. అందులో 32 జట్లు ఉన్నాయి. ఏటా వేసవిలో ఈ జట్లన్నీ కూర్చుని, వంతులవారీగా, పద్ధెనిమిదేళ్ళు నిండుతున్న కుర్రవాళ్ళను ప్రపంచం నలుమూలలనుంచి ఏరుకుంటాయి. ఏడు విడతలు, అంటే రమారమి 224 పేర్లు. ఆ పేర్లలో తన పేరు వినబడాలని ఫిన్లాండు, స్వీడను, స్విట్జర్లాండు, చెక్, స్లొవాకియా, జర్మనీ దేశాల్లో నాలుగేళ్ళ వయస్సునుంచీ మంచు మీద పడి లేచే పిల్లలు కలలు కంటారు. పేరు వినబడినంత మాత్రాన పంట ఇంటికి వచ్చినట్టు కాదు. వారిలో చాలామంది ఆ లీగులో నిలదొక్కుకోలేరు. అయినా కల కలే గదా!

ఆ పిలుపుకు ఏడాదో, రెండేళ్ళో ముందు మరొక పిలుపు వస్తుంది. అది కెనడియన్ హాకీ లీగునుంచి. పదహారు మొదలు ఇరవై ఏళ్ళవరకు ఉన్న కుర్రవాళ్ళు ఆడే మూడు లీగుల కూటమి అది: ఒంటారియో లీగు, పశ్చిమాన ఉన్న వెస్టర్న్ లీగు, తూర్పున క్విబెక్ లీగు. మూడింటిలోనూ కలిపి అరవై చిల్లర జట్లు. కొన్ని అమెరికా గడ్డమీద కూడా ఉన్నాయి. 1992 నుంచి ఈ జట్లు విదేశీ కుర్రవాళ్ళను కూడా ఏటా వంతులవారీగా ఎంచుకుంటున్నాయి. చాలాకాలం జట్టుకు ఇద్దరికి మించరాదని కట్టుబాటు నడిచింది. ఇట్లా ఎంపికైన పిల్లవాడిని వాళ్ళు ఏమంటారో తెలుసునా? ‘ఇంపోర్టు’ అంటారు. దిగుమతి! మనం గడియారాలకూ, గుడ్డలకూ వాడే మాట. భాష బోధించేవాణ్ణి కాబట్టి ఆ మాట దగ్గర నా చెవి కాస్త ఆగింది. పిల్లవాణ్ణి పంపే తల్లికీ, దింపుకొనే జట్టుకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. ఏ ఊరు వెళ్ళాలో ఎంచుకునేది పిల్లవాడు కాదు. వంతు వచ్చిన జట్టు అతని పేరు పిలుస్తుంది. వెళ్ళడమో, మానడమో మటుకే అతని చేతిలో ఉన్నది. లియోన్ డ్రైసైటిల్ అనే జర్మను కుర్రవాడిని 2012లో రెండవ వంతున పిలిచిన జట్టు ప్రిన్స్ ఆల్బర్ట్ రైడర్స్. అతను పది లక్షలకు పైగా జనమున్న కొలోన్ నగరంలో పుట్టినవాడు. ప్రిన్స్ ఆల్బర్ట్ అన్నది కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలో, నలభై వేలకు లోపు జనాభా ఉన్న ఊరు. శీతకాలంలో అక్కడ చలి సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి దిగడం వింత కాదు. పదహారేళ్ళు దాటుతున్న పిల్లవాడు పెట్టె సర్దుకొని ఆ ఊళ్ళో దిగాడు.

దిగిన పిల్లవాడు ఎక్కడ ఉంటాడు? హాస్టలులో కాదు. ఊళ్ళో ఒక కుటుంబం అతనికి తమ ఇంట్లో గది ఇచ్చి, అన్నం పెట్టి, బడికి పంపి, జ్వరం వస్తే చూసుకుంటుంది. ‘బిల్లెట్’ కుటుంబం అంటారు. పూర్వం సిపాయిలకు ఊరివారి ఇళ్ళలో బస ఏర్పాటు చేసేవారు; ఆ మాటే ఇది. మనకు మాత్రం కొత్తా? వారాలు చేసుకొని చదువుకున్న పెద్దవాళ్ళు మన వంశాల్లో ఎందరు లేరు! సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. అక్కడ వారమంతా ఒకే ఇల్లు, అంతే తేడా. మంచి ఇల్లు దొరికిన పిల్లవాడు అదృష్టవంతుడు. వారాలు చేసిన తాతగారిని అడిగితే ఆయన కూడా ఇదే మాట చెబుతారు.

ఇక పంపమనేవారి వాదం విందాం. అది తేలికగా తోసివేయదగినది కాదు.

మొదటిది మంచుపలక కొలత. యూరపులో తరతరాలుగా వాడుతున్న మైదానం ముప్పై మీటర్ల వెడల్పు. అమెరికాలో 85 అడుగులు, అంటే ఇరవై ఆరు మీటర్లు. నాలుగు మీటర్లే గదా అనిపిస్తుంది. కాని ఆ నాలుగు మీటర్లలోనే ఆలోచించుకునే వ్యవధి అంతా ఉన్నది. వెడల్పు మైదానంలో బిళ్ళ అందుకొని, తల ఎత్తి చూసి, దారి వెతుక్కోవచ్చు. ఇరుకు మైదానంలో తల ఎత్తేలోగా ఎదుటివాడి భుజం వచ్చి ఛాతీకి తగులుతుంది. రేపు అక్కడే బ్రతకవలసినవాడు ఇవాళే అక్కడ ఈత నేర్చుకోవడం మంచిది గదా అంటారు.

రెండవది ఆటల సంఖ్య. ఒంటారియో లీగులో సీజనుకు 68 ఆటలు. పెద్ద లీగువారి గూఢచారులు, అంటే ఆటగాళ్ళను పసిగట్టి రాసుకుపోయే మనుషులు, అక్కడ ఏ రాత్రి చూసినా గాలరీలో ఉంటారు. మూడవది, తోటి వయస్సువాళ్ళతో ఆట. స్వదేశంలో పెద్దల జట్టులో చేరితే పద్ధెనిమిదేళ్ళవాడు చివరి వరుసలో కూర్చుని, ఆటకు ఐదారు నిమిషాలు మంచు మీదికి వస్తే గొప్ప. స్వీడన్ పెద్దల లీగులో అడుగున పడిన జట్టును కింది తరగతికి దింపేస్తారు. ఆ భయంతో వణికే శిక్షకుడు పసివాణ్ణి నమ్మి బరిలోకి దించుతాడా? నాలుగవది ఇంగ్లీషు. డ్రెస్సింగు గదిలో జోకు అర్థమైనవాడే జట్టులో మనిషి అవుతాడు.

నికో హిషియర్ కథ ఈ వాదానికి జెండా వంటిది. స్విట్జర్లాండులో వాలే ప్రాంతపు కుర్రవాడు. బెర్న్ క్లబ్బు పెద్దల జట్టులో కొద్ది ఆటలు మాత్రమే దక్కాయి. 2016లో కెనడా తూర్పు తీరాన హాలిఫాక్స్ జట్టు పిలిస్తే వెళ్ళాడు. 57 ఆటల్లో 38 గోల్సు చేశాడు. ఏడాది తిరగకముందే, 2017లో, పెద్ద లీగు ఎంపికలో మొట్టమొదటి పేరు అతనిదే అయింది. స్విస్ కుర్రవాడు ఆ స్థానంలో రావడం అదే ప్రథమం. 2021లో న్యూజెర్సీ జట్టుకు నాయకుడు కూడా అయ్యాడు.

ఇది చదివిన ఏ తండ్రికైనా పెట్టె సర్దాలనే అనిపిస్తుంది. కాని ఒక్క నిమిషం ఆగండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. దానికీ దాఖలాలు ఉన్నాయి.

అలెగ్జాండర్ బార్కోవ్ ఫిన్లాండులో టాంపెరె నగరపు బిడ్డ. పదహారో ఏటనే స్వంత ఊరి తప్పారా క్లబ్బులో పెద్దలతో కలిసి ఆడాడు. కెనడా జూనియర్ లీగుల ముఖం చూడకుండానే 2013లో రెండవ స్థానంలో ఎంపికయ్యాడు. ఫ్లోరిడా జట్టు నాయకుడుగా 2024లోనూ, 2025లోనూ స్టాన్లీ కప్పు ఎత్తాడు. స్వీడన్‌లో రాస్ముస్ డాలిన్ కూడా స్వదేశపు ఫ్రొలుండా క్లబ్బును విడవకుండానే 2018లో మొదటి స్థానం కొట్టాడు. ప్రతిభ ఉన్నవాడికి వెలుగు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుందని వీరిని చూపించి వాదించవచ్చు.

అన్నిటికంటె నాకు ఆసక్తి కలిగించినది 2022 ఎంపిక. ఆ ఏడు మాంట్రియల్‌లో జరిగిన సభలో స్లొవాకియా అనే చిన్న దేశం, మొత్తం జనాభా యాభై నాలుగు లక్షలు, మొదటి రెండు స్థానాలూ ఎగరేసుకుపోయింది. మొదటివాడు యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ. రెండవవాడు షిమోన్ నెమెట్స్. మొదటి విడతలోనే, 26వ స్థానంలో, ఇంకొక స్లొవాక్ కుర్రవాడు ఫిలిప్ మెషార్ కూడా ఉన్నాడు. ముగ్గురివీ మూడు దారులు, గమనించండి. స్లాఫ్‌కోవ్‌స్కీ ఇల్లు విడిచాడు గాని సముద్రం దాటలేదు. ఫిన్లాండులోని తుర్కు క్లబ్బులో పెరిగాడు. నెమెట్స్ స్వదేశంలోనే నిత్రా జట్టులో పెద్దలతో ఆడాడు. మెషార్ స్వదేశంలోనే పోప్రద్ జట్టులో ఆడి ఎంపికై, ఆ తరువాత ఒంటారియో లీగులో కిచెనర్ జట్టుకు వెళ్ళాడు. ఒకే దేశం, ఒకే వయస్సు, ఒకే రోజు. దారి ఒక్కటే అనేవారికి ఈ ముగ్గురూ జవాబు.

ఇంటికీ, సముద్రానికీ నడుమ స్వీడను, ఫిన్లాండు అనే మజిలీ ఒకటి ఉన్నదన్నమాట. చెక్ దేశంలో హావిర్జోవ్ ఊరి కుర్రవాడు దావిద్ పాస్తర్నాక్ పదహారో ఏట స్వీడన్‌లోని సోదర్‌తాల్యె క్లబ్బుకు వెళ్ళాడు. ఆ కాలంలోనే, 2013లో, తండ్రి పోయాడు. కొడుకు పేరు పిలవడం ఆయన వినలేదు. మరుసటి ఏడు బాస్టన్ జట్టు 25వ స్థానంలో ఆ పేరు పిలిచింది. పిల్లలను దూరం పంపే లెక్కల్లో మనం డబ్బు వేస్తాం, చదువు వేస్తాం, పేరు ప్రతిష్ఠలు వేస్తాం. ఇటువంటిది ఏ కాగితం మీదా వేయలేని పద్దు.

ఇక్కడే నియమాల సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే పిల్లల భవిష్యత్తు ఒక్కొక్కప్పుడు ప్రతిభకంటె నియమాల చేతిలో ఎక్కువ ఉంటుంది. కెనడా జూనియర్లనుంచి ఎంపికైన కుర్రవాడు పెద్ద లీగుకు ఇంకా చాలడనిపిస్తే, దాని కిందిమెట్టు అయిన అమెరికన్ లీగుకు పంపడానికి చాలాకాలం వీలులేకపోయింది. ఇరవై ఏళ్ళవరకు తిరిగి జూనియరు జట్టుకే పంపాలి. యూరపు క్లబ్బునుంచి ఎంపికైనవాడికి ఈ అడ్డం లేదు. ఫలితం చూడండి. 2014లో డ్రైసైటిల్ మూడవ స్థానంలో ఎంపికయ్యాడు. 37 ఆటలు ఆడిన తరువాత ఎడ్మంటన్ జట్టు అతన్ని మళ్ళీ జూనియర్లకే పంపవలసి వచ్చింది. అదే ఏడు 25వ స్థానంలో వచ్చిన పాస్తర్నాక్ మటుకు కిందిమెట్టులో పెద్దవాళ్ళతో ఆడుతూ, మధ్యమధ్య పైమెట్టు ఎక్కుతూ నేర్చుకున్నాడు. డ్రైసైటిల్ దిగులుపడి కూర్చోలేదు. కెలోనా జట్టుతో వెస్టర్న్ లీగు గెలిచాడు, 2020లో పెద్ద లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా గెలిచాడు. కాని ఎదురుదెబ్బ ఎదురుదెబ్బే. 2025లో కుదిరిన కొత్త ఒప్పందం ఈ పట్టును కొంత సడలించింది.

చదువు నియమం ఇంకా ముఖ్యం. కెనడా జూనియర్ లీగుల్లో ఒకసారి ఆడితే, ఆ కుర్రవాడు అమెరికా విశ్వవిద్యాలయాల మొదటి తరగతి జట్లలో ఆడడానికి శాశ్వతంగా అనర్హుడన్నట్టే ఉండేది. కాస్త జేబుఖర్చు ఇస్తారు గనుక వాళ్ళు వృత్తి ఆటగాళ్ళ కింద లెక్క అనేవారు. అంటే పదిహేడో ఏట చేసిన సంతకం డిగ్రీ గుమ్మం మూసివేసేది. 2024 నవంబరులో ఆ కట్టుబాటు ఎత్తివేయాలని తీర్మానించారు. 2025 ఆగస్టు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఇప్పుడు కుర్రవాడు రెండేళ్ళు కెనడాలో ఆడి, తరువాత అమెరికా కాలేజీలో చదువుతూ ఆడవచ్చు. ఇది నిజంగా మంచి మార్పు. అయితే గుమ్మం తెరిస్తే తోపులాట పెరుగుతుంది. అవే సీట్లకు ఇప్పుడు కెనడా పిల్లలూ పోటీ, యూరపు పిల్లలూ పోటీ.

నియమాలు పిల్లలను అడిగి మారవు. విదేశీ గోల్‌కీపర్లు వద్దని కొన్నేళ్ళు నిషేధం పెట్టి, 2018లో తీసివేశారు. యుక్రెయిన్ మీద యుద్ధం కారణంగా 2022, 2023 ఎంపికల్లో రష్యా, బెలారస్ పిల్లలను పిలవలేదు. 2024లో మళ్ళీ పిలిచారు. ఆ రెండేళ్ళలో పదిహేడు నిండినవాడి పదిహేడో ఏడు మళ్ళీ రాదు గదా.

దూరపు కొండలు నునుపు. దగ్గరకు వెళితే బస్సులు ఉన్నాయి. వెస్టర్న్ లీగు జట్లు మానిటోబానుంచి పసిఫిక్ తీరందాకా పరుచుకొని ఉన్నాయి. రాత్రిళ్ళు బస్సులో నిద్ర, తెల్లవారి బడిలో పరీక్ష. 2018 ఏప్రిల్ 6న సస్కాచువాన్‌లో హంబోల్ట్ బ్రాంకోస్ అనే జట్టు బస్సు, లారీ ఢీకొని 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. అది ఈ మూడు లీగుల జట్టు కాదు, దాని కింది స్థాయిది. దారులు మటుకు అవే. బెదిరించడానికి చెప్పడం లేదు. ఏ దారిలో పంపుతున్నామో కళ్ళు తెరుచుకొని చూడాలి అంటున్నాను.

గెలిచినవాళ్ళ పేర్లే మనకు వినబడతాయి. రష్యా కుర్రవాడు నెయిల్ యాకుపోవ్ ఒంటారియో లీగులో సార్నియా జట్టుకు ఆడి, 2012లో అందరికంటె మొదట ఎంపికయ్యాడు. 2018 నాటికి పెద్ద లీగులో అతని ఆట ముగిసింది, స్వదేశం వెళ్ళి ఆడాడు. ఇంకొకవైపు స్లొవాకియా కుర్రవాడు దాలిబోర్ ద్వోర్‌స్కీ స్వీడన్‌లో ఆడే అవకాశం అంతగా దొరక్క, 2023లో సీజను నడుమ ఒంటారియో లీగులో సడ్‌బరీ జట్టుకు మారాడు. 52 ఆటల్లో 45 గోల్సు చేశాడు. వెళ్ళడమే తప్పయితే ఇతనికి మేలు జరగకూడదు. వెళ్ళడమే ఒప్పయితే అతనికి అట్లా జరగకూడదు. కాబట్టి ‘వెళ్ళడమా, ఉండడమా’ అన్న ప్రశ్నే సరిగా లేదేమో!

సరైన ప్రశ్నలు చిన్నవి. అక్కడ మా వాడు ఆటకు ఎన్ని నిమిషాలు మంచు మీద ఉంటాడు? ఇక్కడ ఎన్ని? పిలిచిన శిక్షకుడు వచ్చే ఏడు ఆ ఊళ్ళోనే ఉంటాడా? ఏ ఇంట్లో ఉంటాడు, ఆ ఇల్లాలితో మనం ఒకసారి మాట్లాడామా? బడి మాటేమిటి? వెస్టర్న్ లీగులో ఆడిన ఒక్కొక్క సీజనుకు ఒక్కొక్క సంవత్సరం పైచదువు ఫీజు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. దానికి షరతులూ ఉన్నాయి. ఆ షరతులు చదివి సంతకం పెట్టిన తండ్రులు ఎందరు? మోకాలు విరిగిన రోజున వాడి చేతిలో ఏమి మిగులుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు ఏజెంటు చెప్పకూడదు. అతనికి ఇది బేరం. నోరారా పొగిడే చుట్టాలూ చెప్పకూడదు. వాళ్ళకు ఇది ముచ్చట.

ఇరవై ఏళ్ళుగా పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ పిల్లల ఎదుట నిలబడి పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. ఆ వయస్సు స్వభావం నాకు కొంత తెలుసు. ‘నీకు ఇష్టమేనా?’ అని నలుగురిలో అడిగితే వాడు ‘ఇష్టమే’ అంటాడు. తండ్రి కళ్ళల్లో వెలుగు చూసి అంటాడు. తాను భయపడుతున్నానని ఒప్పుకోవడం వాడికి పరువు తక్కువ. అందుచేత ఆ ప్రశ్న నలుగురిలో కాక, విడిగా, తీరుబడిగా, ‘వద్దు’ అన్నా కోపం రాదని వాడికి నమ్మకం కలిగేట్టు అడగాలి. అప్పుడు కూడా ‘వెళతాను’ అన్నవాణ్ణి ఆపడం అన్యాయం. అప్పుడు కూడా తల వంచుకున్నవాణ్ణి పంపడం అంతకంటె అన్యాయం.

ఒక్క మాట తల్లిదండ్రులు ముందే చెప్పి పంపితే మంచిది: ‘నాయనా, బాగుంటే ఉండు. బాగులేకపోతే వచ్చెయ్యి. వచ్చినందుకు ఎవరమూ ఏమీ అనం.’ ఆ మాట విన్న పిల్లవాడు చాలామటుకు తిరిగిరాడు, నిలబడి ఆడతాడు. తిరిగి రావచ్చునని తెలిసినవాడికే దూరదేశంలో ధైర్యం ఉంటుంది.